లష్కరు దొర బొమ్మ

మురహరిరావు దొర పట్నం నుంచి ఇప్పలపల్లికి తిరిగొచ్చిన నాడు, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. ఒకరిద్దరు లేచారు గానీ నెత్తి మీది రుమాలు తీయలేదు. గడబిడ రోజుల్లో సంఘపోళ్ళ భయానికి బండి కట్టించుకొని వెళ్ళిపోయిన దొర, పోలీసు చర్య జరిగి, నిజాం రాజ్యం పోయి, అన్నీ సద్దుమణిగాక వచ్చాడు. దొర ఉండే గడి ఎప్పటిలాగే ఉంది. ఊరే మారింది. ఆ సంగతి ఆయనకు గడి గుమ్మం చేరేలోపే తెలిసిపోయింది.

నెల తిరక్కుండానే మంథని నుంచి సిద్దిరాములును పిలిపించాడు.

సిద్దిరాములు నకాషీ ఇంటివాడు. తాతముత్తాతలు గుడ్డ మీద కులపురాణాల పటాలు వేసి బతికినవాళ్ళు. అతను మాత్రం పిల్లవాడిగా ఉన్నప్పుడే హైదరాబాదు పోయి, నవాబుల నిలువెత్తు బొమ్మలు వేసే ఒక ఉస్తాదు దగ్గర రంగులు నూరుతూ నూనె రంగుల పని పట్టుకున్నాడు. ఉస్తాదు కన్నుమూశాక మంథని వచ్చేసి, గుళ్ళకూ నాటకాల తెరలకూ బొమ్మలేసుకుంటున్నాడు. ఇప్పలపల్లి అతనికి పరాయి ఊరు కాదు. సొంత అక్క ఎల్లక్కను ఇచ్చింది అక్కడికే. బొమ్మల పని కడుపు నింపక బావ దొర భూమి మూడెకరాలు కౌలుకు పట్టాడు. ఆయన పోయాక కూడా ఎల్లక్క ఆ భూమి వదల్లేదు. అరక తనే కట్టింది, నారు తనే పోసింది.

దొర సిద్దిరాములును గడి పెద్దసాలలోకి తీసుకుపోయి ఎదురుగా ఉన్న తెల్లగోడ చూపించాడు.

"ఏరా సిద్దిగా, నవాబుల బొమ్మలు ఏసినవట గద?"

"ఉస్తాదు ఏస్తుంటే చెయ్యందించిన దొరా."

"మా ముత్తాత తిర్మలరాయుడు రాజావారి లష్కరుకు పెద్ద. గుర్రాల ఫౌజు మొత్తం ఆయన చేతికింద ఉండేదట. ఆయన బొమ్మ గీ గోడ నిండ రావాలె."

"ముఖం పోలిక చూసుకునేటందుకు పాతది ఏమన్న పటముంటే..."

"ఏం లేదు. ఒక కోటున్నది, ఒక కత్తి ఉన్నది. కడమది నువ్వే చెయ్యాలె." దొర కాసేపు ఆ గోడనే చూశాడు. "పోలిక కలిసినా కలవకున్నా నాకు ఫికర్ లేదు. గీ సాలలకొచ్చినోడు తలకాయ దించాలె. గంతే."

అంత పెద్ద బొమ్మ ఉస్తాదు పోయాక సిద్దిరాములుకు మళ్ళీ దొరకలేదు. చేతులు ఉవ్విళ్ళూరాయి. సరేనన్నాడు.

గడి వెనక ధాన్యం కొట్టంలో గుడ్డ బిగించుకున్నాడు. నిలబడటానికి ఒక మనిషి కావాలి. ఊళ్ళో అందరికంటే నిండైన ఛాతీ తాటిచెట్లెక్కే గౌండ్ల కొమురెల్లిది. మోకు కట్టి ఎక్కీ దిగీ అతని భుజాలు దూలాల్లా తయారయ్యాయి. అతన్ని పిలిచి ముత్తాత కోటు తొడిగితే చంకల దగ్గర పటపటమని కుట్లు పిగిలాయి. గుండీలు సగం దాకా కూడా రాలేదు. ఆ ఫౌజు పెద్ద ఎంత బక్కపలచటి మనిషో సిద్దిరాములుకు అప్పుడే అర్థమైంది. నవ్వుకొని, గుడ్డ మీద మాత్రం గుండీలన్నీ పెట్టేశాడు.

"సిద్దన్నా, గిట్ల ఇంటికి పోతే మా ఇంటిది నన్ను గుర్తువడతదా?" అని కొమురెల్లి ఒకటే నవ్వు.

"నవ్వకు. నవ్వితే ఛాతీ కదుల్తది."

ఉస్తాదు చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కాళ్ళ దగ్గర నేల కిందికి దించు బేటా, మనిషి దానంతటదే పెరుగుతాడు. వెనక కొండలు మోకాళ్ళు దాటకూడదు. పక్కన గుర్రం పట్టుకున్న నౌకరును పెట్టు, వాణ్ణి చిన్నగా వెయ్యి. వెలుతురు ముఖం మీదా చేతి మీదా తప్ప ఇంకెక్కడా పడనీయకు. కత్తిపిడి మీద చెయ్యి ఊరికే ఆనాలి. భయమున్నవాడే కత్తిని గట్టిగా పట్టుకుంటాడు.

అన్నీ కుదిరాయి, కళ్ళు తప్ప. మొదట ఎర్రగా, కోపంగా వేశాడు. కొమురెల్లి వచ్చి చూసి, "గిదేందన్నా, బాగోతంల రాక్షసుని లెక్క ఉన్నది" అన్నాడు. నిజమే. తుడిచేశాడు. ఇంకోలా వేశాడు, అదీ తుడిచాడు. రెండు పూటలు ఆ తెల్లటి గుంటల ముందు కూర్చున్నాడు.

అప్పుడు గుర్తొచ్చాయి వేరే కళ్ళు. గడబిడ రోజుల్లో ఎవరో గోడల మీద రాతలు రాశారని, రంగుల పనివాడు కదాని సిద్దిరాములును కూడా ఠాణాకు లాక్కుపోయారు. అతన్ని కొట్టలేదు. అతని ఎదురుగా ఇంకొకణ్ణి కొట్టారు. ఠాణా పెద్ద అమీను కుర్చీలో కూర్చొని చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు, కసి లేదు. పాతిన గుంజను చూసినట్టు చూశాడు. కొట్టేవాణ్ణీ అలాగే, పడ్డవాణ్ణీ అలాగే, ఆ తర్వాత తల తిప్పి సిద్దిరాములునూ అలాగే. ఆ చూపు తన మీద పడినప్పుడు సిద్దిరాములు అడగకుండానే చేతులు కట్టుకున్నాడు.

ఆ కళ్ళే వేశాడు. వేస్తున్నంతసేపూ పని మీది ధ్యాసే. మర్నాడు కొమురెల్లి కొట్టంలోకి వస్తూ వస్తూ గడప దగ్గరే ఆగిపోయాడు. ఆ రోజు నవ్వలేదు. "అయిపోయిందా అన్నా, ఇగ నేను పోవచ్చునా?" అని గొంతు తగ్గించి అడిగి వెళ్ళిపోయాడు.

బొమ్మను పెద్దసాలలో ఎత్తుగా కట్టించి, పైభాగం కొద్దిగా ముందుకు వంగేలా తాళ్ళు సరిచేశాడు సిద్దిరాములు. గుడ్డ తొలగించగానే దొర ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, కాళ్ళకున్న చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. తన భుజం మీది శాలువా తీసి సిద్దిరాములుకు కప్పాడు.

ఊళ్ళోవాళ్ళు దానికి లష్కరు దొర అని పేరు పెట్టుకున్నారు. గడికి పనిమీద వచ్చినవాళ్ళు సాల గడప దాటగానే రుమాలు తీసేవాళ్ళు. రుమాలుతో పాటు మాట కూడా పడిపోయేది. సిద్దిరాములు అదంతా స్తంభం పక్కన నిలబడి చూసి మురిసిపోయాడు. ఉస్తాదు బతికుంటే వీపు తట్టేవాడనుకున్నాడు.

ఆ మురిపెం నాట్ల కాలం దాకా నిలిచింది.

కౌలుదార్ల కానూను కొత్తగా వచ్చింది. ఏళ్ళ తరబడి భూమి చేస్తున్నవాణ్ణి ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టే వీలు ఇక లేదు, ఎవరు చేస్తున్నారో సర్కారు విచారించి రాసుకుంటుంది. విచారణకు నాయబ్ తహసీల్దారు దేవదాస్ ఇప్పలపల్లి వచ్చాడు. మంచివాడే, చిన్న వయసు, ఎవరి దగ్గరా చేయి చాపడని పేరు. కానీ ఊళ్ళో నలుగురు కూర్చునే నీడ గడిలో తప్ప లేదు. బల్ల, కుర్చీ పెద్దసాలలో వేశారు. లష్కరు దొర కింద దేవదాస్ కూర్చున్నాడు. పక్కన ఇంకో కుర్చీలో మురహరిరావు దొర.

తమ్ముడు కూడా ఉంటే ధైర్యమని ఎల్లక్క సిద్దిరాములును ముందు రోజే రప్పించుకుంది. ధైర్యం ఆమెకు ఒకరు ఇవ్వాల్సింది కాదు. ఒక ఏడాది గుమాస్తా మనుషులు కల్లంలోకి వడ్లు కొలుచుకుపోవడానికి వస్తే, ఎల్లక్క కుప్ప మీద బోర్లా పడుకొని, "నన్ను గూడ కొలువుండ్రి" అన్నదట. వాళ్ళు ఖాళీ బండి తోలుకుపోయారు. ఆ కథ మంథని దాకా పాకింది.

"ఎవడు దున్నిండో, ఎవడు నాటిండో అంత చెప్త తమ్మీ. గా సారు చెవులు గింగురుమనాలె" అంటూ ఉతికిన చీర కట్టుకొని బయల్దేరింది.

సాలలో జనం నిండారు. సిద్దిరాములు గుమ్మం పక్కన నిలబడ్డాడు. మొదటి పిలుపే ఎల్లక్కది.

"ఏమమ్మా, చెరువుకింద మూడెకరాలు చేస్తున్నది నువ్వేనా? ఎన్నేళ్ళ నుంచి?" దేవదాస్ కలం పట్టుకొని అడిగాడు.

ఎల్లక్క నోరు తెరిచింది. చెప్పబోతూ తల ఎత్తింది. ఆమె చూపు దేవదాస్ నెత్తి మీదుగా పైకి పోయి ఒకచోట ఆగింది. ఎక్కడ ఆగిందో సిద్దిరాములుకు తెలుసు. తను ఆపాలని ఎక్కడ అనుకున్నాడో సరిగ్గా అక్కడే ఆగింది.

ఆమె మెడ వంగింది. కొంగు తీసి భుజాల చుట్టూ కప్పుకుంది.

"చెప్పమ్మా."

"దొరదే సారూ."

"భూమి దొరదే, ఆ సంగతి కాదు. చేస్తున్నదెవరు?"

"అంత దొరదే. నేను కూలికి చేసిన. బాంచెన్, నాదేం లేదు."

సిద్దిరాములు తను విన్నది నిజమేనా అని పక్కవాళ్ళ ముఖాలు చూశాడు. ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు. రాజలింగును పిలిచారు. సంఘం రోజుల్లో జెండా మోసినవాడు రాజలింగు. "దొరదే సారూ" అన్నాడు. కొండల్‌ను పిలిచారు. అతనూ అదే మాట. చివరికి చెరువుకట్ట కింద చిన్న భూమిచెక్క చేసుకునే కొమురెల్లి వచ్చాడు. తన ఛాతీ, తన మెడ, తన చెయ్యి గోడ మీద అంతెత్తున నిలబడి ఉండగా, ఆ కిందే భుజాలు ముడుచుకొని, కోటు తొడిగిన ఆ మనిషి అతనే కానట్టు, "దొరదే బాంచెన్" అన్నాడు.

మురహరిరావు దొర ఎవరినీ బెదిరించలేదు. నోరే తెరవలేదు. ఆయనకు ఆ అవసరం రాలేదు.

సిద్దిరాములుకు తన కుంచె తీసుకుపోయి ఎవరో తన అక్క గొంతులో కుక్కినట్టనిపించింది. సాల బయటికొచ్చి అంగట్లో తప్పిపోయిన పిల్లవాడిలా గోడ పట్టుకొని నిలబడ్డాడు. లోపల్నుంచి దేవదాస్ గొంతు వినిపించింది. ఇంకా రెండూళ్ళు చూసుకొని మళ్ళీ వస్తాడట, రాసిందంతా చదివి వినిపించి అప్పుడు వేలిముద్రలు తీసుకుంటాడట.

ఇంటికి పోతే ఎల్లక్క పొయ్యి ముట్టించకుండా దాని ముందు కూర్చొని ఉంది.

"ఏమైంది అక్కా నీకు? ఎవడన్న బెదిరిచ్చిండా?"

"లే."

"మరి?"

"నాకు ఎర్కలే తమ్మీ. చెప్పాలెననే పోయిన. నోరు గూడ తెరిచిన. గంతల గాయన చూసిండు."

"ఎవరు? దొరనా?"

"గీ దొర నాకొక లెక్కనా? గా పెద్దాయన. లష్కరు దొర. ఆయన ముందు అబద్ధమాడినట్టు అనిపిచ్చింది. నాది అంటే అబద్ధమైతదనిపిచ్చింది." ఎల్లక్క ముఖం రెండు చేతులతో రుద్దుకుంది. "నా భూమి నాది గాదని నా నోటితోనే ఎట్ల చెప్పిన రా నేను?"

సిద్దిరాములు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. అంతా చెప్పేశాడు. ముత్తాత పోలిక ఎవరికీ తెలియదని, కోటు చూస్తే ఆయన గాలికి ఎగిరిపోయే మనిషని, ఆ శరీరం కొమురెల్లిదని, ముక్కూ దవడా కూడా అతనివేనని, గుర్రం మొహర్రం ఊరేగింపులో చూసిన గుర్రమని. కళ్ళు ఎవరివో కూడా చెప్పాడు. ఎల్లక్క నమ్మలేనట్టు చూసింది. అతను లేచిపోయి కొమురెల్లిని పిలుచుకొచ్చాడు.

"చెప్పు కొమురెల్లి, కొట్టంల కోటేసుకొని నిలవడ్డది నువ్వేనా కాదా?"

"నిలవడ్డ."

"మరి గా బొమ్మల ఉన్నది ఎవరు?"

కొమురెల్లి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "లష్కరు దొర."

"నువ్వే పిచ్చోడా! నీ ఛాతీ చూసి నీ ఛాతీ ఏసిన. నీ చెయ్యి చూసి నీ చెయ్యి ఏసిన."

"గట్లనకు అన్నా, పాపం తగుల్తది." కొమురెల్లి నిజంగానే చెంపలు వేసుకున్నాడు. "నేను ఊకే నిలవడ్డ. నన్ను చూసి నువ్వు ఏసినవు. కని ఏసినంక ఆయనొచ్చి అండ్ల నిలవడ్డడు. నేను చూసిన గద ఆ రోజు. నాకు తెలువదా?"

సిద్దిరాములు నిజం చెబితే చాలు, భ్రమ తొలగిపోతుందనుకున్నాడు. నిజం విని కూడా ఆ మనిషి చెంపలు వేసుకుంటున్నాడు. తన దేహానికే దండం పెడుతున్నాడు.

ఇక మాటలతో పని కాదని తేలింది. కళ్ళు తను వేసినవే కాబట్టి తనే మార్చేస్తాననుకున్నాడు. పెద్ద పనేం కాదు. నల్లగుడ్డు పక్కకు జరిపితే చూపు కిటికీ వైపు పోతుంది. ఎవరి మీదా పడదు. ఎవరికీ తేడా తెలియను కూడా తెలియదు.

మర్నాడు పొద్దున రంగుల పెట్టె పట్టుకొని గడికి పోయాడు. వానకాలం చెమ్మకు రంగు మసకబారుతుంది, మెరుగు పూయాలని గుమాస్తా రామచంద్రంతో చెప్పాడు. దొర ఇంకా లేవలేదు. గుమాస్తా నిచ్చెన వేయించి తన పని మీద పోయాడు. సాలలో ఒక్కడే ఉన్నాడు సిద్దిరాములు. పైకెక్కాడు. ముఖం అతని ముఖానికి ఎదురుగా వచ్చింది. అంత దగ్గరగా చూస్తే అక్కడ ఏమీ లేదు. ఇటుకరంగు మీద నాలుగు గీతలు, ఒక మసిచుక్క, దాని పక్కన గోరంత తెలుపు. ప్రతి గీత ఎప్పుడు పెట్టాడో, ఏ కుంచెతో పెట్టాడో అతనికి తెలుసు.

కుంచె రంగులో ముంచాడు. చెయ్యి ఎత్తబోయాడు.

చెయ్యి లేవలేదు. ఛాతీ ఎత్తు దాకా వచ్చి ఆగింది. ఇంకోసారి ప్రయత్నించాడు. కుంచె కొస నుంచి నల్లరంగు బొట్టు జారి పాదం మీద పడింది. ఠాణాలో అమీను తల తిప్పి చూసినప్పటిలాగే అతని భుజాలు ముడుచుకున్నాయి. గోరంత తెలుపు అది. తను పెట్టిందే. దాని ముందు తన పెదాలు కదిలి, తన ప్రమేయం లేకుండా ఒక మాట బయటికొచ్చింది.

"నీ బాంచెన్."

సాలలో ఆ మాట గోడకు తగిలి తిరిగొచ్చింది. అన్నది తనేనని తెలిసిన క్షణాన సిద్దిరాములు నిచ్చెన మీదే తూలిపోయాడు. రెండు మెట్లు జారి, పట్టుకొని, ఎలాగో దిగాడు. పెట్టె అక్కడే వదిలేసి బయటపడ్డాడు. ఊరి నడిబజారులో నడుస్తుంటే పలకరించినవాళ్ళకు జవాబు కూడా చెప్పలేదు.

ఎల్లక్క నారుమడిలో ఉంది. అతను పోయి గట్టు మీద కూలబడ్డాడు.

"ఏమైందిరా? ముఖమంత తెల్లగైంది?"

"కళ్ళు మారుద్దామని పోయిన అక్కా. చెయ్యి లేవలే. బాంచెన్ అన్న." అతనికి ఏడుపొచ్చింది. "నేను జేసిన బొమ్మకు నేనే బాంచెన్ అన్న."

ఎల్లక్క చేతిలో నారుకట్ట అలాగే ఉండిపోయింది. నిన్నటి నుంచి ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తను పిరికిదాన్నయ్యానని లోలోపల కుమిలిపోతోంది. ఇప్పుడు తమ్ముడి ముఖంలోకి చూసింది.

"జేసినోనివి, నీకే గట్లయితే నాదేమున్నది?" అన్నది. ఆ మాటతో ఆమెకు ఊపిరి తిరిగినట్టయింది. నారుకట్ట నీళ్ళలోకి విసిరింది. "గట్లనంటే పిరికితనం నాది గాదన్నట్టు. అది గా సాలల ఉన్నది. ఈడ నాకేం భయమైతలేదు. చూడు, నోరు మంచిగనే లేస్తున్నది."

"అయితే ఏం జేస్తవు?"

"ఏం జేస్త? సాలల మాత్రం మాట్లాడ."

దేవదాస్ మళ్ళీ వచ్చినప్పుడు సన్నగా వాన పట్టి ఉంది. మళ్ళీ అదే బల్ల, అవే కుర్చీలు. రాసిన కాగితం చదివి, "ఎల్లక్కా, ఇది నువ్వు చెప్పిందే కదా? వేలిముద్ర పెట్టు" అన్నాడు. ఎల్లక్క గడప లోపలికి రాలేదు. బయటే, చూరు కింద, సాలకు వీపు పెట్టి నిలబడింది.

"సారూ, గా దినం చెప్పింది తప్పు. ఈడ నాకు నోరు లేస్తలేదు. జర చెరువుకిందికి రాండ్రి. పొలంల నిలవడి చెప్త."

"ఇక్కడ చెప్పడానికేం?"

"ఈడ చెప్తే అబద్ధమొస్తది సారూ."

మురహరిరావు దొర నవ్వాడు. "ఆడిదానికి మతిపోయింది, మీరు కానియ్యుండ్రి" అన్నాడు. దేవదాస్ వెంటనే లేవలేదు. ఒకసారి తల వెనక్కి తిప్పి పైకి చూశాడు. చూసి, ఎందుకో చొక్కా మెడ గుండీ సర్దుకున్నాడు. తను గుండీ సర్దుకున్నట్టు తనకే తెలిసినట్టుంది, ముఖం ఎర్రబడింది. కాగితాలు సంచిలో పెట్టుకొని, "పదమ్మా, ఎటూ మోకాకు పోయి పొలం చూడవలసిందే" అని లేచాడు.

సాలలో ఉన్న జనమంతా కదిలారు. దొర కూర్చునే ఉన్నాడు గానీ ఖాళీ సాలలో ఎంతసేపు కూర్చుంటాడు? ఆయనా రావలసి వచ్చింది.

గట్లు జారుతున్నాయి. దొర పంపుషూ బురదలో కూరుకుపోయి ఒకటి ఊడింది. ధోతి మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకొని, గొడుగు పట్టే మనిషి వెనకబడగా, వానలో నిలబడ్డాడు. సిద్దిరాములు ఆయన్ను ఆరుబయట అంతసేపు చూడటం అదే మొదటిసారి. చిన్న మనిషి. మెడ దగ్గర చర్మం జారింది. చలికి పెదాలు వణుకుతున్నాయి. అందరూ ఆయన ముఖంలోకి సూటిగా చూస్తున్నారు, ఆయన ఎటు చూడాలో తెలియక నీళ్ళకేసి చూస్తున్నాడు.

ఎల్లక్క చీర ఎగచెక్కి మడిలోకి దిగింది. పిక్కల దాకా నీళ్ళు.

"గీ మడి నాది సారూ. మా ఆయన ఉన్నప్పటి సంది మేమే చేస్తున్నం. గీ ఒడ్డు నేను పెట్టిన. గా తూము పలిగితే మట్టి నేను మోసిన. నేను కూలిదాన్ని గాదు. దొరకు కౌలు కొలిచి ఇచ్చేటిదాన్ని. ఏసంగిల గూడ ఇచ్చిన. అడుగుండ్రి, ఆయన ఈడనే ఉన్నడు."

ఆమె గొంతు చెరువుకట్ట దాకా వినిపించింది. దేవదాస్ దొర వైపు తిరిగాడు. దొర ఏదో అనబోయి దగ్గాడు.

రాజలింగు తన మడి దగ్గరికి పోయి చెప్పాడు. తర్వాత కొమురెల్లి. గోచీ, నడుముకు కత్తి, వానకు తడిసిన ఛాతీ. తన చెక్కలో నిలబడి, కత్తిపిడి మీద చెయ్యి ఊరికే ఆనించి, "గిది నేను చేస్తున్న" అన్నాడు. అప్పటిదాకా సాలలో అందరినీ నువ్వు అని పిలిచిన దేవదాస్, తల ఎత్తి అతన్ని చూసి, "మీ పేరు చెప్పండి" అన్నాడు.

ఆ నిలబడటం సిద్దిరాములుకు తెలుసు. దాన్ని తీసుకుపోయి తను ఎవరికి అప్పజెప్పాడో అప్పుడు అర్థమైంది. గట్టు మీద బురదలోనే కూర్చుండిపోయాడు.

అందరూ చెప్పలేదు. కొండల్‌తో పాటు ఇంకో ఐదారుగురు పొలంలో నిలబడి కూడా దొరదే అన్నారు. వాళ్ళ భూములు తర్వాతి ఏడాది దొర చేతికే పోయాయి. ఎల్లక్క మూడెకరాలు ఆమె పేర రాశారు. కొమురెల్లి చెక్క అతని పేర పడింది. గట్టు మీద గొడుగు కింద కాగితం పెట్టి వేలిముద్రలు తీసుకున్నారు.

దసరా వెళ్ళాక సుల్తానాబాద్ వైపు నుంచి ఒక దొర గుమాస్తా బండి కట్టించుకొని మంథనిలో సిద్దిరాములు ఇంటి ముందు దిగాడు. ఇప్పలపల్లి గడిలో బొమ్మ చూశాడట వాళ్ళ దొర. అచ్చం అలాంటిదే కావాలట, కళ్ళు కూడా అవే కావాలట. సిద్దిరాములు భార్య బాలలక్ష్మి సంబరంగా చాప పరిచి నీళ్ళిచ్చింది. సిద్దిరాములు మాత్రం కూర్చోలేదు.

"చేతుల నొప్పి ఉన్నది. కుంచె వడ్తలేను" అన్నాడు.

బండి వెళ్ళిపోయాక బాలలక్ష్మి మండిపడింది. "నొప్పేంది? పొద్దుగాల పోశవ్వ గుడిగోడ మీద బొమ్మ ఏసినవు గద!"

అతను పడమటింట్లోకి పోయి, దండెం మీద మడిచి ఉన్న దొర శాలువా తీశాడు. బయటికొచ్చి, గుడి దగ్గర కూర్చునే ముసలి దుర్గవ్వకు చలికి కప్పుకొమ్మని ఇచ్చేశాడు. దుర్గవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గింత మంచిది నాకెందుకు బిడ్డా?" అన్నది. కప్పుకొమ్మన్నాడు. ఆమె కప్పుకున్నాక వచ్చి, అరుగు మీద కూర్చొని, తన కుడిచెయ్యిని చాలాసేపు చూసుకున్నాడు.